చెరువుకట్ట పార్కు: ఒక పాత ఎస్టిమేటు

నవంబరు వచ్చిందంటే దమ్మామ్ ఊరంతా సముద్రం ఒడ్డుకు వచ్చేస్తుంది. శుక్రవారం సాయంత్రం కార్నిష్ మీద చాప పరుచుకోవడానికి చోటు దొరికితే అదృష్టమే. ఒక పక్క అరబ్బు కుటుంబాలు ఖహ్వా ఫ్లాస్కులతో, ఇంకో పక్క ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు గాలాలతో, మధ్యలో పులిహోర డబ్బాలతో మనవాళ్లు. మర్జాన్ దీవికి వెళ్లే రోడ్డు మీద పిల్లల సైకిళ్లు. ఆ దీవి దేవుడు చేసింది కాదు, సముద్రంలో మట్టి పోసి మనుషులు చేసింది. దానికి కొంచెం ఇవతల, ఒక ఖర్జూరపు చెట్టు కింద, పోయిన ఏడాది మా ఊరివాళ్లం పది మందిమి కూర్చుని మా ఊరి చెరువుకు పార్కు కట్టాలని తీర్మానించుకున్నాం.

మా ఊరు కడప జిల్లాలో, పోరుమామిళ్ల వైపు. పేరు చెప్పను. ఈ కథ ఆ వైపు ఏ ఊరిదైనా కావచ్చు. నా చిన్నప్పుడు బస్టాండు దాటితే వరిమళ్లు. ఇప్పుడు బస్టాండు దాటితే వెంచర్లు, వెంచర్లు దాటితే మరో బస్టాండు. ఊరు పెరిగింది గాని సాయంత్రం పూట ముసలివాళ్లు నడవడానికి, పిల్లలు పరిగెత్తడానికి జానెడు చోటు లేదు. అందుకని చెరువుకట్ట మీద "హైదరాబాద్ ట్యాంక్‌బండ్ లాగా" పార్కు చేయాలని ఊళ్లో పెద్దలు అనుకున్నారు. ఖర్చులో కొంత గల్ఫ్‌లో ఉన్నవాళ్లం వేసుకోవాలి. వేసుకున్నవాళ్ల పేర్లు ఆర్చీ మీద చెక్కిస్తారు. మా పది మందిలో ఇద్దరు డ్రైవర్లు, ఒకరు జుబైల్‌లో ఎలక్ట్రీషియన్, ఇంకొకరు సూపర్‌మార్కెట్‌లో పని. తలా ఐదువందల రియాళ్లంటే వాళ్లకు చిన్న మాట కాదు.

"నువ్వు కంప్యూటరోడివి గదన్నా, ఎస్టిమేటు నువ్వు చూడు" అన్నారు. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ఎస్టిమేట్లు వేసి, వేసినవన్నీ తప్పి, ఎందుకు తప్పాయో క్లయింటుకు చెప్పుకునే ఉద్యోగం నాది. సరే, చూస్తానన్నాను.

ఎక్సెల్ షీటులో నలభై ఒక్క పద్దులు. ఆర్చీ, గ్రానైటు బెంచీలు, పేవర్ బ్లాకుల బాట, హైమాస్ట్ లైట్లు, ఫౌంటెన్, పిల్లల జారుడుబల్ల, ఓపెన్ జిమ్, ఫుడ్‌కోర్టు, సెల్ఫీ పాయింటు, చెరువు మధ్యలో మట్టిదిబ్బ పోసి దానిమీద విగ్రహం (ఎవరిదో ఇంకా తేలలేదు). కూడికలు సరిగ్గానే ఉన్నాయి. ఆ రాత్రి ఊళ్లో ఉన్న పెదనాయనకు ఫోన్ చేసి అంతా చదివి వినిపించాను. ఆ చెరువు కింద యాభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. అంతా విని ఒక్కటే అడిగాడు.

"అంతా బాగుండాది గాని నాయనా, మరవ యాడుండాదో ఆ కాగితంలో రాసినారా?"

మరవ అంటే చెరువు నిండినప్పుడు మిగులు నీళ్లు దాటిపోయే దారి. తెలంగాణలో మత్తడి అంటారు, అలుగు అన్నా అదే. షీటులో వెతికాను, లేదు. ప్లానులో వెతికాను. మరవ ఉండాల్సిన చోట ఫుడ్‌కోర్టు ఉంది.

చరిత్ర నా సబ్జెక్టు కాదు. కానీ ఆ ఒక్క ప్రశ్నతో నాలుగైదు నెలలు వారాంతాలన్నీ చెరువుల చరిత్ర చదువుతూ గడిపాను. చెరువుకు ప్లాను, బడ్జెట్ ఎలా వేయాలో మా పక్క ఊళ్లోనే రాతి మీద రాసి పెట్టి 650 ఏళ్లు దాటిందని అప్పుడు తెలిసింది.

* * *

పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఈ ప్రాంతాన్ని ఏలుతుండగా ఈ చెరువు కట్టించి, అనంతరాజ సాగరమని పేరు పెట్టాడు. శాసనం సంస్కృతంలో ఉంది. పాఠశాలలో మేము చదువుకున్న శాసనాలన్నీ రాజుగారి బిరుదులతో మొదలై దానాలతో ముగిసేవి. ఇందులో బిరుదులూ ఉన్నాయి, పుణ్యఫలాలూ ఉన్నాయి గాని, వాటి మధ్యలో ఒక ఇంజనీరు కూర్చుని ఉన్నాడు.

మంచి చెరువుకు 12 అంగాలు కావాలంటాడు. డబ్బూ ధర్మమూ ఉండి, పేరు కోరుకునే రాజు ఒకటి. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు రెండు. గట్టి బంకనేల, దూరం నుంచి తియ్యని నీళ్లు తెచ్చే ఏరు, పక్కన కొండలు, ఆ కొండల నడుమ మరీ పొడుగు కాని బలమైన రాతికట్ట, లోతూ వైశాల్యమూ ఉన్న గర్భం, పొడుగాటి రాళ్లు దొరికే గని, కింద సాగుకు పనికొచ్చే చదునైన భూమి, కట్టడం తెలిసిన పనివాళ్లు... ఇలా సాగుతుంది. ఇందులో డబ్బిచ్చేవాడి తర్వాత వెంటనే వచ్చేది విషయం తెలిసినవాడు. మా షీటులో కాంట్రాక్టరుకు పద్దు ఉంది, ఇంజనీరుకు లేదు.

తర్వాత ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం. చవిటి నేల. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. చెరువు మధ్యలో తాబేలు వీపులా దిబ్బ ఉండడం. నీళ్లు తక్కువై పారాల్సిన భూమి ఎక్కువ కావడం. చోటు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం.

ఇది చదివి షీటు మళ్లీ తెరిచాను. చెరువు మధ్యలో దిబ్బను మేం డబ్బు పెట్టి పోయించబోతున్నాం. రెండు రాజ్యాల సరిహద్దా? కట్ట నీటిపారుదల శాఖది, గర్భం రెవెన్యూ వాళ్లది, చుట్టూ రోడ్డు మునిసిపాలిటీది. ఇప్పుడవి మూడు రాజ్యాలు. ఇక చోటు తక్కువ, నీళ్లు ఎక్కువ అన్నది గర్భంలోకి వెంచర్లు దిగిన ప్రతి చెరువు కథే. ఊరి తారురోడ్ల మీద, మిద్దెల మీద పడిన వాన నేలలోకి ఇంకదు, పరుగున వచ్చి చెరువులో పడుతుంది. నీళ్లు పెరిగి చోటు తగ్గినప్పుడు మరవ ఒక్కటే దిక్కు.

ఖర్చు సంగతి కూడా రాశారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే ఏడు లక్షల పైచిలుకు మనిషి-రోజులు. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు కొలతలు వేసి మరీ ఇచ్చారు. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. నేను రాసిన ప్రోగ్రాముల్లో పదేళ్లు బతికినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

* * *

కట్టడం ఒక ఎత్తు, కాపాడడం ఒక ఎత్తు. బడ్జెట్లన్నీ చతికిలబడేది రెండోదాని దగ్గరే. దానికి రాయలసీమలో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించినవాడికో, మరమ్మతు బాధ్యత తీసుకున్నవాడికో ఆ చెరువు కిందనే ఇనాం భూమి ఇచ్చేవారు, లేదా ఆదాయంలో వాటా ఇచ్చేవారు. పదోవంతు అన్న అర్థం ఆ పేరులోనే ఉంది.

ఇందులోని తెలివి నాకు ఆలస్యంగా అర్థమైంది. భూమి ఆ చెరువు కిందనే ఉండడం ముఖ్యం. తూము పూడిపోయినా, కట్ట తెగినా మొదట ఎండేది కాపలావాడి మడి. వాడికి గుర్తు చేయడానికి ఎవరూ ఉత్తరాలు రాయనక్కర్లేదు. కాలం గడిచేకొద్దీ ఈ లంకె తెగిపోయింది. చెరువు సర్కారు శాఖ చేతికి పోయింది, భూమి వారసుల చేతిలో మిగిలింది. 1956లో ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. భూసంస్కరణగా అది అవసరమైనదే. కానీ చెరువుకు సొంతంగా ఉన్న ఆదాయం స్థానంలో ఏం పెట్టాలన్న ప్రశ్న మిగిలే ఉంది. 1997లో వచ్చిన నీటి సంఘాల చట్టం ఆ బాధ్యతను రైతులకు తిరిగి అప్పగించే ప్రయత్నం చేసింది. అయితే మా చెరువు కింద ఇప్పుడు రైతులెక్కడ? ఆయకట్టు సగం ప్లాట్లయింది. ప్లాటు యజమానికి చెరువు నిండితే భయం, ఎండితే సంతోషం.

పెద్దలు చెప్పిన సప్తసంతానాల్లో కొడుకు, గుడి, కావ్యం వంటి వాటితో పాటు చెరువూ ఉంది, వనమూ ఉంది. రెండూ వేర్వేరుగా లెక్క. ఒకటి చేసినవాడు రెండోదాన్ని మింగమని ఎవరూ చెప్పలేదు.

* * *

మావాళ్లు నమూనాగా పెట్టుకున్న ట్యాంక్‌బండ్ సంగతికి వస్తాను. హుస్సేన్‌సాగర్ తవ్వింది 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో. హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో. అంటే ఊరికన్నా చెరువు దాదాపు ముప్పై ఏళ్లు పెద్దది. ఊరు వచ్చి చెరువు పక్కన చేరింది గాని, చెరువు వచ్చి ఊరికి అడ్డం పడలేదు.

చాలాకాలం ఆ నీళ్లు తాగారు కూడా. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచాక, విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద నుంచి ఊరికి రక్షణ దొరికింది, తాగే నీరు దొరికింది. హుస్సేన్‌సాగర్ నీళ్లతో ఊరికి పని లేకుండా పోయింది. పని లేని చెరువును ఎవరు కాపలా కాస్తారు? తర్వాతి దశాబ్దాల్లో ఎగువన ఫ్యాక్టరీలు, కాలనీలు వచ్చాయి. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వాననీళ్లకు బదులు మురుగును, రసాయనాలను మోసుకొచ్చాయి.

ఆ తర్వాత పార్కుల కాలం మొదలైంది. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం కట్ట మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు నిలిపింది. బుద్ధ విగ్రహాన్ని 1990 మార్చిలో నీళ్లలోకి తీసుకెళ్తుంటే ప్రమాదం జరిగి మనుషులు చనిపోయారు. విగ్రహం నీటి అడుగున రెండేళ్లకు పైగా ఉండి, 1992 డిసెంబరులో నిలబడింది. 1994లో లుంబినీ పార్కు, ఆ తర్వాత నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ గార్డెన్స్ వచ్చాయి. ఇవన్నీ చూసుకోవడానికి 2000లో బుద్ధ పూర్ణిమ ప్రాజెక్టు పేరుతో ఒక సంస్థే పెట్టారు. 2008లో అది హెచ్‌ఎండీఏలో కలిసింది.

నేను హైదరాబాద్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో, 2003 ప్రాంతంలో, మా రూమ్మేట్లతో అక్కడికి వెళ్లేవాణ్ణి. లైట్లు బాగుండేవి, ఫౌంటెన్లు బాగుండేవి. గాలి ఇటు తిరిగితే మాత్రం మొక్కజొన్న పొత్తు చేతిలో పట్టుకునే లేచి వెళ్లిపోయేవాళ్లం. నీళ్ల సంగతి తేల్చడానికి పెద్ద డబ్బు వచ్చింది 2006లో, జపాన్ అప్పుతో. మూడు వందల కోట్ల పైచిలుకు పథకం. మురుగును దారి మళ్లించడం, శుద్ధి కేంద్రాలు, నాలాలు కలిసేచోట పూడిక తీయడం. లుంబినీ పార్కు తెరిచిన పన్నెండేళ్లకు!

ఆ పార్కులు కట్టినవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. లక్షల మంది సామాన్యులకు సాయంత్రం పూట కూర్చునే చోటు అది. హైదరాబాద్‌కు కొత్తగా వచ్చిన నాలాంటి పల్లెటూరివాడికి ఊరు ఊరిలా అనిపించింది అక్కడే. కానీ వరస చూడండి. మొదట విగ్రహం, తర్వాత తోట, తర్వాత రోడ్డు, చివర నీళ్లు. పార్కుకు టికెట్టు పెట్టవచ్చు, శిలాఫలకం వేయవచ్చు. నాలాకు టికెట్టు పెట్టలేం, మురుగు పైపుకు రిబ్బను కట్టలేం. అందుకే అది అప్పు పుట్టేదాకా ఆగింది.

* * *

చిన్న ఊళ్లలో ఆగడానికి అంత టైము ఉండదు. తిరుపతి పక్కన అవిలాల, పేరూరు చెరువుల భూములను ఇళ్లకోసం కేటాయిస్తే, అక్కడి మేధావుల ఫోరం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. చెరువులు ప్రజల ఉమ్మడి ఆస్తి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అన్న సూత్రం మీద ఆ తీర్పు నిలబడింది. ఆదేశాలు చదివితే పోరుమామిళ్ల రాయి గుర్తుకొస్తుంది. కొత్త కట్టడాలు వద్దు. నీళ్లు తెచ్చే వంకను శుభ్రం చేయండి. కట్టిన ఇళ్ల మిద్దెల మీద పడే వానను భూమిలోకి పంపండి. నీళ్లు వచ్చే దారి, పోయే దారి, ఇంకే దారి. ఆ తర్వాతే మిగతావి.

తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల పూడిక, తూములు, కట్టలు బాగుచేసే పని మొదలైంది. దాంతో పాటే పట్టణాల్లో మినీ ట్యాంక్‌బండ్‌లు వచ్చాయి. చెరువు మరమ్మతుకూ పార్కుకూ ఒకే పథకంలో చోటివ్వడం మంచి ఆలోచనే. 2024లో హైదరాబాద్‌లో హైడ్రాను పెట్టి చెరువు గర్భాల్లోని కట్టడాలను కూల్చడం మొదలుపెట్టారు. కూల్చాల్సి రావడం ఎంత బాధాకరమో, ఎంత ఖరీదో చూశాం. ముందే హద్దురాళ్లు పాతి ఉంటే ఆ ఖర్చు పార్కుకు మిగిలేది.

ఇక మరవ మాట. 2021 నవంబరు 19న అప్పటి మా జిల్లాలోనే అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. చెయ్యేరు ఒడ్డున ఉన్న ఊళ్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. ఆ పొద్దు మేమంతా దమ్మామ్‌లో ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. మా పది మందిలో ఒకడి అత్తగారి ఊరు అటువైపే. వచ్చే వరదను కట్ట పక్కనుంచి దాటించే దారి చాలకపోతే ఏమవుతుందో మాకు పుస్తకాల్లో చదవాల్సిన అవసరం లేదు.

* * *

నేనుండే ఊళ్లో చెరువు లేదు, సముద్రం ఉంది. 1923లో బహ్రెయిన్ నుంచి దవాసిర్ తెగవాళ్లు వచ్చి ఇక్కడ స్థిరపడేనాటికి దమ్మామ్ చేపలు పట్టే చిన్న పల్లె. 1938లో ఏడో నంబరు బావిలో చమురు పడింది. 1951లో రియాద్‌కు రైలు వేశారు. ఆ పల్లె ఇప్పుడు మహానగరం. ఇక్కడ కార్నిష్ మీద గడ్డి పరకకు కూడా పైపు ఉంది. పైపు లేకపోతే వారంలో ఎండుతుంది. తాగే నీరు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి తెచ్చుకునేది. తోటలకు శుద్ధి చేసిన మురుగునీటిని వాడడం ఈ దేశంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. మనం చెరువులోకి వదిలే నీటితో వీళ్లు చెట్లు పెంచుతారు.

డబ్బున్న దేశం, వాళ్లకేం అనుకోవద్దు. డబ్బుతో అన్నీ కుదరవని చెప్పే చోటు కూడా ఇక్కడే ఉంది. కారులో గంటన్నర వెళితే అల్ అహ్సా ఖర్జూరవనాలు. ఊటనీళ్లతో వేల ఏళ్లు బతికిన ఒయాసిస్సు, 2018లో యునెస్కో జాబితాలో చేరింది. ఆ నీళ్లను పంచడానికి 1971 నాటికి కాంక్రీటు కాలువలు కట్టారు. తర్వాతి దశాబ్దాల్లో బోర్లు ఎక్కువై ఊటలు ఆగిపోయాయి. ఒకసారి అక్కడ ఒక తోటమాలిని, బెంగాల్ వైపు మనిషిని, నీళ్లెక్కడివని అడిగాను. "పంపు" అన్నాడు. కాలువ ఉంది, ఊట లేదు. మా షీటుకూ దానికీ పోలిక కనిపించింది. మేమూ కాలువే కడుతున్నాం.

* * *

ఇంతా చదివి, షీటు మళ్లీ రాశాను. మొదటి పద్దు: చెరువు పూర్తి నీటిమట్టం సర్వే, హద్దురాళ్లు. రెండు: మరవ బాగుచేత, దాని కింద కాలువ. మూడు: పైనుంచి నీళ్లు తెచ్చే వంక పూడిక. నాలుగు: ఊరి మురుగు చెరువులో కలవకుండా మళ్లింపు. ఐదు: ఐదేళ్లకు కాపలావాడి జీతం, మరమ్మతులు. ఆ తర్వాత నడిచే బాట, బెంచీలు, లైట్లు, పిల్లల ఆటవస్తువులు, మరుగుదొడ్లు. మట్టికట్ట మీద పెద్ద చెట్లు వద్దంటారు ఇంజనీర్లు. వేళ్లు చచ్చి కుళ్లాక ఆ బొరియల్లోంచి నీరు ఊరుతుంది. శాసనంలోని మొదటి దోషం అదే గదా! అందుకని వేప, కానుగ మొక్కల్ని కట్టకు ఇవతల, రోడ్డు పక్కకు జరిపాను. దిబ్బ తీసేశాను. ఫుడ్‌కోర్టును బస్టాండు వైపు పంపాను. ఆర్చీని చిట్టచివరకు నెట్టాను.

మళ్లీ ఒక శుక్రవారం అదే ఖర్జూరపు చెట్టు కింద అందరికీ చూపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డ్రైవరు తమ్ముడొకడు అన్నాడు:

"అన్నా, నువ్వు చెప్పేది సరే. ఆర్చీ లేకపోతే, నేను పంపిన దుడ్డు ఇదో అని మా నాయనకు ఏం చూపించేది?"

దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. పదకొండేళ్లుగా ఊరికి దూరంగా ఉండి, రెండేళ్లకొకసారి వెళ్లే మనిషి. ఊళ్లో తన పేరు ఒక రాయి మీద ఉండాలనుకోవడం తప్పా? పోరుమామిళ్ల శాసనం మొదటి అంగంలోనే పేరు కోరుకునే రాజు కావాలన్నాడు గదా. పేరు కోరుకోవడాన్ని ఆ ఇంజనీరు దోషాల్లో చేర్చలేదు, అవసరాల్లో చేర్చాడు.

"మరవ పక్కన రాయి వేద్దాం" అన్నాను చివరకు. "దాని మీద మీ పేర్లు, ఎవరెంత ఇచ్చారో, ఏ పనికి ఎంత ఖర్చయిందో, ఎంతమంది ఎన్నాళ్లు పని చేశారో అన్నీ చెక్కిద్దాం. మరవ పారిన రోజున ఊరంతా చూడ్డానికి వస్తుంది. అప్పుడు చదువుతారు."

ఇద్దరు ఒప్పుకోలేదు, డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఎనిమిది మంది ఉండిపోయారు. ఊళ్లో పెద్దలు సర్వేకు, మరవకు ఒప్పుకున్నారు. మురుగు మళ్లింపు మునిసిపాలిటీ పని అన్నారు. విగ్రహం మాట ఇంకా నలుగుతోంది. మొన్న పెదనాయన ఫోన్ చేసి, సర్వేవాళ్లు వచ్చి మరవ దగ్గర కంపచెట్లు కొట్టించారని, తాను చిన్నప్పుడు కూర్చున్న రాతిమెట్లు బయటపడ్డాయని చెప్పాడు.

"ఎన్ని మెట్లు పెదనాయనా?"

"నాలుగు కనపడుతుండాయి. కింద ఇంకా ఉండాయి, మట్టి తీయాల."

పూడిక తీసే పద్దులో ఆ మట్టి లెక్క లేదు. రేపు శుక్రవారం చేర్చాలి.